పసుపు దారం గుడ్డలు

మా ఆయన మేనత్త మా ఇంటికొచ్చిన రోజు నా మొహం చూడలేదు, పిల్లల మొహమూ చూడలేదు. చేతిసంచి గుమ్మం దగ్గర పడేసి తిన్నగా బాత్రూంలోకి వెళ్ళింది. తలుపు వెనక గుడ్డల కుప్ప ఉంది. పైనుంచి ఒకటి తీసి, వాసన చూసి, ఎన్నాళ్ళవి అనడిగింది. మూడు రోజులవని చెప్పాను. ఇంకేమీ అనకుండా మోచేతుల దాకా చేతులు కడుక్కుని, కుప్పని రెండుగా విడదీయడం మొదలుపెట్టింది. నాకు ఒళ్ళు మండింది. పురిటి మనిషిని, ఎలా ఉన్నావమ్మా అని ఓ మాట అడిగితే ఏం పోతుంది?

నా పరిస్థితి ఏం చెప్పమంటారు. ఒకే కాన్పులో ముగ్గురు. మగపిల్లాడు, ఇద్దరు ఆడపిల్లలు. ముగ్గురూ నెలలు నిండకుండానే పుట్టారు. పుట్టినప్పుడే కాస్త కండ పట్టి ఉన్నవాణ్ణి బండోడు అన్నాం. రెండోది నోరు మూస్తే ఒట్టు, కాబట్టి గోలపిల్ల. మూడోది చిట్టి, నా రెండు అరచేతుల్లో పట్టేసేది. బండోడూ గోలపిల్లా పది రోజులకి ఇంటికొచ్చేశారు. చిట్టి మాత్రం ఆసుపత్రిలో, అద్దాల గదిలో ఉండిపోయింది. మాది మూడో అంతస్తు. మా ఆయన లిఫ్టు మెకానిక్కు. ఊరందరి లిఫ్టులూ బాగుచేస్తాడు, మా భవనానికి మాత్రం మెట్లే. డైపర్లు కొనుక్కొస్తే మూడు రోజుల్లో ఖాళీ అయ్యేవి, పైగా గోలపిల్లకి వాటితో ఒళ్ళంతా ఎర్రగా పొక్కింది. గుడ్డలే వాడమని డాక్టరు చెప్పింది. గుడ్డలంటే ఇంట్లో ఉన్న ఇద్దరికే రోజుకి ముప్పై. నా తల ప్రాణం తోకకొచ్చింది. అప్పుడు మా ఆయన తన మేనత్తకి ఫోను చేశాడు.

ఆవిణ్ణి వాళ్ళ వాళ్ళందరూ మూటలత్త అంటారు. పెద్దాసుపత్రి లాండ్రీలో ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేసింది. వార్డు వార్డుకీ ఒక మూట, మూట మూటకీ ఒక లెక్క. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, ఒక్కరోజు సెలవు దొరికితే కదా అనేది. సబ్బు నీళ్ళలో నాని నాని ఆవిడ వేళ్ళ మీద గీతలన్నీ అరిగిపోయాయి. పెన్షనాఫీసులో యంత్రం మీద బొటనవేలు పెడితే అది నువ్వు మనిషివే కాదన్నట్టు ఊరుకునేదట. ఆవిడ అక్కడే కుర్చీ వేసుక్కూర్చుని, ఆ వేలు ఎక్కడ అరిగిందో ఆఫీసరుకి పొద్దుపోయేదాకా వివరించి సంతకంతో పని జరిపించుకుంది. మా ఆయన ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా నవ్వేవాడు. నాకు ఆ రోజుల్లో నవ్వు రాలేదు.

వచ్చిన మర్నాటికల్లా ఇల్లు ఇల్లులా లేదు, వార్డులా తయారైంది. నేను నేల మీద చాప వేసుకుని పిల్లలకి గుడ్డలు మార్చేదాన్ని. ఆవిడ భోజనాల బల్ల మీద పరుపు వేసి, అంచులకి దిండ్లు కట్టి, ఇకనుంచి ఇక్కడే అంది. రోజుకి ముప్పైసార్లు వంగి లేవడానికి నీ నడుం ఏమన్నా అద్దెకి తెచ్చుకున్నావా అని అడిగింది. మరి మేం భోజనం ఎక్కడ చెయ్యాలంటే, నిలబడి తినమంది. నిజం చెప్పాలంటే ఆ నెలంతా మేం నిలబడే తిన్నాం, నడుం నొప్పి మాత్రం వారంలో పోయింది.

ఆవిడ పద్ధతులు ఒకటీ రెండూ కావు. తడిసిన గుడ్డలకి ఒక బకెట్టు, మలం అంటినవాటికి ఒక బకెట్టు. రెండిటికీ మూతలుండాలి. తడి బకెట్లో చుక్క నీళ్ళు పొయ్యకూడదు. పోస్తే మొయ్యలేక చస్తాం, వాసనా పెరుగుతుంది. రెండో దాంట్లో చన్నీళ్ళే పొయ్యాలి. వేణ్ణీళ్ళు పోస్తే మరక ఉడికి అక్కడే స్థిరపడిపోతుందట. రోజూ పొద్దున్న పదింటికి ఒక్కసారే ఉతుకు. మిషను సగానికి మించి నింపకూడదు, చివర్లో జాడింపు రెండుసార్లు. ఎండలో ఆరాక ప్రతి గుడ్డా ముక్కు దగ్గర పెట్టుకుని చూసేది. సబ్బు వాసన వచ్చినా మళ్ళీ జాడించేది. గుడ్డకి ఏ వాసనా ఉండకూడదు, నీళ్ళకి ఉంటుందా అనేది.

ఈ వాసన దగ్గరే మాకు మొదటి గొడవ. గుడ్డలు మెత్తగా ఉంటాయని నేను గులాబీ రంగు కండిషనరు సీసా కొనుక్కొచ్చి ఆవిడకి చెప్పకుండా మిషన్లో పోశాను. ఆ మధ్యాహ్నం బండోడు ఎన్నిసార్లు పోసినా గుడ్డ తాగడం లేదు, పరుపంతా తడే. ఆవిడ ఆరిన గుడ్డ బల్ల మీద పరిచి చెంచాతో నీళ్ళు వేసింది. నీళ్ళు ఇంకకుండా అటూ ఇటూ దొర్లాయి. తర్వాత నా వైపు చూసింది. అదంతా మైనం లాంటిది, గుడ్డకి పూత పూస్తుంది, ఇక అది నీళ్ళు పీల్చదు అని చెప్పి, అరవై గుడ్డలూ మళ్ళీ మూడుసార్లు జాడించింది. సీసా మాత్రం పారెయ్యలేదు. మా ఆయన చొక్కాలకి వాడింది. వాడేమీ పీల్చక్కర్లేదు కదా అంది.

గుడ్డలు మార్చే పని మాత్రం నా ఒక్కదానికే వదిలింది. ఇద్దరు మారిస్తే ఒకరికి రెండుసార్లు మారుతుంది, ఇంకొకరికి అసలు మారదు, నీ పని మార్చడం, నా పని ఉతికి మడవడం అని గీత గీసింది. ఎవరు గట్టిగా ఏడిస్తే వాళ్ళ దగ్గరికి పరిగెత్తొద్దంది. వరస ప్రకారం మార్చాలట. లేకపోతే ఏడుపు రాని పిల్ల తడిలోనే ఉండిపోతుంది. మడత కూడా ఇద్దరికీ ఒకటి కాదు. మగపిల్లాడు ముందుకి పోస్తాడు, వాడి గుడ్డకి ముందు వైపు మడత మందంగా ఉండాలి. ఆడపిల్లలకి తడి నడిమికి చేరుతుంది, మందం అక్కడుండాలి. ఇవన్నీ రెండు రోజులు నా చేత చేయించింది. మూడో రోజుకి నా చేతులు వాటంతటవే మడిచేసేవి.

కింద వాటాలో ఉండే దర్జీ ఆవిడ గుడ్డల అంచులు కుట్టిపెడతానంటే, మూటలత్త మూడు రంగుల దారం ఇమ్మంది. ప్రతి గుడ్డ మూలా నాలుగు కుట్లు. బండోడికి ఎరుపు, గోలపిల్లకి నీలం, ఇంకా ఇంటికి రాని చిట్టికి పసుపు. ఒకరి పొక్కు ఇంకొకరికి అంటకుండా ఎవరివి వాళ్ళకే వాడాలని. ఆ తర్వాత ఆవిడ పిల్లల్ని కూడా దారం రంగుతోనే పిలవడం మొదలుపెట్టింది. ఎర్రవాడు లేచాడు, నీలం తాగిందా, ఇలా. ముద్దూ మురిపెం లేదు. కన్నపిల్లల్ని దుప్పట్ల మాదిరి పిలుస్తోందని మా ఆయనతో అంటే, మా అత్త ప్రేమ అంతేనే, ఉతికి ఆరేస్తుంది అన్నాడు.

చిట్టి పుట్టిన ఇరవై ఆరో రోజున ఇంటికొచ్చింది. ఆ ఇరవై ఆరు రోజులూ నేను దాన్ని అద్దంలోంచి చూశాను. పక్కన చిన్న కన్నం ఉంటుంది, అందులోంచి చెయ్యి పెట్టి పాదం ముట్టుకోనిచ్చేవాళ్ళు. ముక్కులోంచి గొట్టం, గొట్టంలోంచి పాలు. నేను ఇంటికొచ్చి ఇద్దరికి పాలిచ్చేదాన్ని, మూడోదాని కోసం పిండి సీసాలో పట్టి పంపేదాన్ని. ఇంటికి పంపేటప్పుడు నర్సు ఒక చార్టు చేతికిచ్చింది. రోజుకి కనీసం ఆరు గుడ్డలు తడపాలి. ఆరు తడిపితే పాలు సరిపోతున్నట్టు. తగ్గితే పీల్చే ఓపిక లేనట్టు, అదే రోజు వెనక్కి తీసుకురావాలి. వెనక్కి అంటే మళ్ళీ ఆ గది, ఆ గొట్టం. నర్సు మామూలుగానే చెప్పింది. నేను మాత్రం, ప్రాణం పోయినా దీన్ని మళ్ళీ ఆ అద్దం వెనక పెట్టను అనుకున్నాను.

చార్టు బాత్రూం తలుపుకి అంటించాం. అంకె వెయ్యడం మూటలత్త పని. నన్ను అడిగేది కాదు. నోటి లెక్క నమ్మననీ, నిద్ర లేని మనిషికి నిన్నా ఇవాళా ఒకటేననీ అనేది. పొద్దున్న పదింటికి తడి బకెట్టు బోర్లించి, పసుపు దారం గుడ్డలు పక్కకి తీసి, లెక్కపెట్టి అంకె వేసేది. ఏడు, ఎనిమిది, ఏడు, ఏడు. పది రోజులు అలా హాయిగా గడిచాయి.

పదకొండో రోజు నుంచి చిట్టి మరీ బుద్ధిమంతురాలైంది. ఏడుపు లేదు. నోట్లో పెడితే నాలుగు గుక్కలు తాగి నిద్ర. ఎంత బంగారుతల్లివే, మీ అక్కకి కాస్త నేర్పవే అని ముద్దు చేశాను. మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి బకెట్టు మూత తీసి చూస్తే పసుపువి నాలుగే ఉన్నాయి. ఇంకో గంటలో ఆవిడొస్తుంది, నాలుగు అని వేస్తుంది, మెట్లు దిగి వెళ్ళిపోవాలి. అప్పుడు బండోడు నిద్ర లేచాడు. నా చెయ్యి ఎర్రదారం దొంతర మీదికి వెళ్ళి, ఆగి, పసుపు దారం గుడ్డ తీసింది. వాడు తడిపాడు. ఇంకోటి పెట్టాను, అదీ తడిపాడు. పదింటికి ఆవిడ ఆరు అని వేసింది.

ఒక్కరోజే అని నాకు నేను చెప్పుకున్నాను. రేపటికి పుంజుకుంటుంది, గంటకోసారి తాగిస్తాను అనుకున్నాను. తాగించాను కూడా. పాదం గిల్లాను, తడిగుడ్డతో మొహం తుడిచాను. అది కళ్ళు తెరిచేది కాదు. ఆ రోజు మొత్తం మీద చిట్టి తడిపినవి మూడు. నాలుగు బండోడి చేత తడిపించాను. ఆరైతే చాలు, ఏడు చేశాను. దొంగపని చేసేవాళ్ళకి చెయ్యి ఎక్కడ ఆగాలో తెలియదనుకుంటాను.

మర్నాడు పదింటికి ఆవిడ బాత్రూంలోకి వెళ్ళింది. ఎప్పుడూ అయిదు నిమిషాల్లో మిషను చప్పుడు వినిపించాలి. వినిపించలేదు. కాసేపటికి, అమ్మాయ్, ఒకసారి ఇలా రా అని పిలిచింది. గొంతులో కోపం లేదు, అందుకే భయమేసింది. పసుపు దారం గుడ్డలు ఏడూ నేల మీద వరసగా పరిచి ఉన్నాయి. మూడు ఒక పక్క, నాలుగు ఒక పక్క. మూడింటికి నడుమ చిన్న తడి మరక ఉంది. నాలుగు బరువుగా తడిసి ఉన్నాయి, తడంతా ముందు వైపే ఉంది. పైగా వాటి మడత గీతలు కూడా ముందుకే ఉన్నాయి. పసుపు గుడ్డ దొంగిలించానే గాని, నా చేతులు అలవాటుకొద్దీ దాన్ని మగపిల్లాడి మడతే మడిచాయి.

ఆవిడ నేల మీదే కూర్చుని తల ఎత్తి నన్ను చూసింది.

"ఈ నాలుగూ ఎర్రవాడివి. అవునా?"

నేను ఆ మడత గీతలే చూస్తున్నాను.

"నిన్న కూడా రెండు చూశాను. నిద్రమత్తులో తారుమారు చేసుంటావులే అనుకుని ఊరుకున్నా. నాదీ తప్పే. దానివి ఇవాళ మూడేనా?"

మూడే అన్నాను. ఆ ఒక్క మాటతో ఏడుపు తన్నుకొచ్చింది. ఆ గది నా వల్ల కాదు అత్తయ్యా, మళ్ళీ గొట్టం పెడతారు, నన్ను దగ్గరికి రానివ్వరు అని ఏమేమో అన్నాను. ఆవిడ నన్ను ఓదార్చలేదు, తిట్టనూ లేదు. లేచి చేతులు కడుక్కుని లోపలికెళ్ళి చిట్టి పొట్ట మీద చర్మం రెండు వేళ్ళతో పట్టి వదిలింది. అది వెంటనే సర్దుకోలేదు. నోట్లో వేలు పెట్టింది, పొడిగా ఉంది. దాన్ని దుప్పట్లో చుట్టి నా చేతిలో పెట్టి, చెప్పులేసుకో అంది.

దర్జీ ఆవిడ మిషను ఆపి పైకొచ్చి ఇద్దరు పిల్లల దగ్గరా కూర్చుంది. మా ఆయనకి ఆవిడే ఫోను చేసింది. మూడంతస్తుల మెట్లూ నేనెలా దిగానో గుర్తులేదు. ట్యాక్సీలో మూటలత్త నా పక్కన కూర్చుని దారంతా చిట్టి పాదాలు రుద్దుతూనే ఉంది. తలుపు మీద చార్టు ఎప్పుడు ఊడదీసిందో, ఆవిడ చేతిలో ఉంది.

ఆసుపత్రిలో ఆ నర్సే ఉంది. చిట్టిని బల్ల మీద పడుకోబెట్టి, చార్టు తీసుకుని చూసి మొహం చిట్లించింది. నిన్న ఆరు అని ఉంది కదా, నిన్న బాగా తాగిన పిల్ల ఒక్కరోజులో ఇలా వాడిపోయిందంటే ఒంట్లో ఇంకేదో చేరి ఉండాలి, రక్తం తీయాలి, వెన్నులోంచి నీరు తీయాలి అంటూ డాక్టరుని పిలవబోయింది. నేను మూటలత్త వైపు చూశాను. ఆవిడ గోడ వైపు చూస్తోంది. అంకె వేసింది ఆవిడే, తప్పని తెలిసిందీ ఆవిడకే. అయినా నోరు విప్పలేదు. ఇప్పుడంటే నాకు తెలుస్తోంది, ఆవిడ చెప్తే అది నా మీద చాడీ అయ్యేది.

"నిన్న ఆరు కాదండీ," అన్నాను. "నాలుగే. ఇవాళ మూడు. మిగతావి దీని అన్నయ్యవి. లెక్క కోసం నేనే వాడికి దీని గుడ్డలు కట్టాను. రెండు రోజుల నుంచి ఇది తాగడం లేదు."

నర్సు నన్ను చూసిన చూపు నేను ఎవరికీ చెప్పలేను. అక్కడే బల్ల పక్కన భూమి చీలితే బాగుండనిపించింది. కానీ ఆవిడ చేతులు ఆగలేదు. డాక్టరు పరిగెత్తుకొచ్చింది, వింది, అయితే ముందు పాలు, సూదులు తర్వాత చూద్దాం అంది. గొట్టం వేశారు. నేనే తల పట్టుకున్నాను. అదే గది, అదే అద్దం, అదే కన్నం. దేనికి భయపడి ఇంత చేశానో అది నా చేతుల మీదే జరిగింది. ఇంకో పూట ఆలస్యమయితే మేం చేసేదేం ఉండేది కాదని నర్సు తర్వాత నాతో అంది. మెల్లగానే అంది. గట్టిగా తిట్టినా బాగుండేది.

ఎనిమిది రోజులు ఉంచారు. వెన్నులో సూది అక్కర్లేకపోయింది. పాపం, పీల్చే ఓపిక లేక నిద్రపోయింది గాని చిట్టికి వేరే జబ్బేమీ లేదు. నేను పగలంతా అద్దం దగ్గర కుర్చీలో కూర్చునేదాన్ని. ఇంట్లో మార్చడం మా ఆయన పని అయింది. లిఫ్టు తాళ్ళు బిగించే చేతులు కదా, మొదటి రోజు గోలపిల్లకి గుడ్డ ఎంత గట్టిగా కట్టాడంటే అది నిజంగానే నోరు మూసిందట. మూటలత్త రోజూ ఉతుకు అయ్యాక మధ్యాహ్నం బస్సెక్కి వచ్చేది. నాకు అన్నం తెచ్చేది. నేను తింటుంటే పక్కన కూర్చుని, ఇవాళ ఎండ ఎలా కాసింది, గుడ్డలు ఎంతసేపట్లో ఆరాయి చెప్పేది. జరిగిన దాని గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. మా ఆయనకి కూడా చెప్పలేదని నాలుగో రోజు తెలిసింది. నేనే చెప్పుకున్నాను.

చెప్పాక ఆయన రెండు రోజులు నాతో ముభావంగా ఉన్నాడు. మూడో రోజు వచ్చి, కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. కాసేపు ఇద్దరం అద్దంలోకి చూశాం. చిట్టి ఆ రోజు గొట్టం లేకుండా సీసాలోంచి సగం తాగింది.

తొమ్మిదో రోజు పంపించేశారు. బరువు పెరిగింది, ఏడుస్తోంది, వాళ్ళ అక్కతో పోటీకి దిగేంత గొంతు వచ్చింది. నర్సు కొత్త చార్టు పట్టుకొచ్చింది. నన్ను దాటుకుని వెళ్ళి మూటలత్త ముందు నిలబడి, పెద్దావిడా, ఇది మీ దగ్గరుంచండి, మీరే లెక్కపెట్టి మీరే రాయండి అంది. నర్సు తప్పు లేదు. ఆవిడ చోట నేనున్నా అదే చేసేదాన్ని. తల దించుకుని చిట్టి దుప్పటి సర్దుతూ నిలబడ్డాను.

"నాకు చదువు రాదమ్మా," అంది మూటలత్త. "వాళ్ళమ్మకివ్వు."

ముప్పై ఒక్క సంవత్సరాలు పదకొండు వార్డుల లాండ్రీ రిజిస్టరు తన చేత్తో రాసిన మనిషి. నర్సు ఒక క్షణం ఆలోచించి, కాగితం నా వైపు చాపింది. తీసుకున్నాను.

మర్నాడు పొద్దున్న పదింటికి బకెట్టు నేనే బోర్లించాను. ఆవిడ వంటగదిలో ఉండిపోయింది, తొంగి కూడా చూడలేదు. తొమ్మిది అని వేశాను. తొమ్మిదీ చిట్టివే.